సవతికి చూపొచ్చిన వానాకాలం

నాన్న పోయిన తర్వాత వచ్చిన మొదటి వానాకాలంలో నేను ఎడమకాలికి పిండికట్టుతో పుట్టింటికి చేరాను. బడిపిల్లల వ్యాను నడపడం నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో ఒక్క పిల్లకి గోరంత దెబ్బ తగలనివ్వలేదు. అలాంటిది, ఆపి ఉన్న వ్యానులోంచి దిగుతూ తడిమెట్టు మీద జారి నా చీలమండ నేనే విరగ్గొట్టుకున్నాను. "ఏనుగుని తోలేవాడు గుమ్మం తట్టుకుని పడ్డట్టుంది" అని అన్నయ్య ఎగతాళి చేశాడు.

ఆ ఇంట్లో అప్పటికి ముగ్గురున్నారు. అమ్మ, అన్నయ్య, పెరటి షెడ్డులో అమ్మ సవతి.

సవతి అంటే నాన్న కారు. నేను పుట్టేనాటికే పాతబడిపోయిన కారు. గుండ్రటి వీపు, మీగడ రంగు, ముందు రెండు పెద్ద దీపాలు. నాన్నకి ఆదివారం వచ్చిందంటే దాని కిందే మకాం. "సెలవునాడు మీ నాన్న మొహం నేనెప్పుడూ చూడలేదు, కాళ్ళే చూశాను" అనేది అమ్మ. ముందుగదిలో కుట్టుమిషన్ తొక్కుతూ, కిటికీలోంచి కనిపించే ఆ కాళ్ళని తిడుతూ ఆమె సగం జీవితం గడిచింది. నాన్నకి ఇంజనంటే ప్రాణం, కరెంటంటే భయం. అందుకని ఇంజను గడియారంలా నడిచేది, లైట్లు మాత్రం వాటి ఇష్టం వచ్చినప్పుడు వెలిగేవి. చివరి రోజుల్లో అసలు వెలగడమే మానేశాయి. చీకటి పడేలోపల ఇల్లు చేరిపోవడం నాన్న కనిపెట్టిన మరమ్మతు.

నేను వెళ్ళిన వారంలోనే ఒక హోటలాయన వచ్చాడు. అన్నయ్యకి తెలిసినవాడు. కొత్తగా కట్టిన హోటల్లో, లోపలికి అడుగుపెట్టగానే కనబడేలా ఒక పాతకారు నిలబెట్టాలని ఆయన ముచ్చట. అన్నయ్య మాటిచ్చేశాడు. షెడ్డులో ఇద్దరూ కారు చుట్టూ తిరుగుతుంటే, అమ్మ మెడలో కొలిచే టేపుతో వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను కర్ర ఊతంతో ఆమె వెనకాల నిలబడ్డాను.

హోటలాయన లోపలికి వంగి లైట్ల మీట లాగాడు. ఒక దీపం ఎర్రగా, జ్వరం వచ్చిన కన్నులా మిణుకుమని ఆరిపోయింది. రెండోది అదీ లేదు.

"చూశారా అమ్మగారూ, ప్రాణం పోయిన బండి" అన్నాడాయన, పాపం మర్యాదగానే. "మా దగ్గరైతే దర్జాగా ఉంటుంది. ఇంజను తీసేసి, లోపల మంచి ఎర్రమట్టి పోసి, పూలమొక్కలు వేస్తాం."

"మట్టి పోస్తారా?"

"అవునండీ."

అమ్మ ఇంకేమీ అనదనుకున్నాను. కానీ లోపలికొచ్చి, ఆయన లాగిన మీటని మళ్ళీ లోపలికి నెట్టి, "నాకు సవతే కావచ్చు గానీ శవం మాత్రం కాదు. మట్టి పోయనివ్వను" అంది.

అన్నయ్య మొహం మాడిపోయింది. హోటలాయన మంచివాడు కాబట్టి నవ్వేశాడు. వానలు వెనకపట్టేసరికి ఆ కారు బ్రేకు ఇన్‌స్పెక్టరు పరీక్షకి వెళ్ళాలి. నెగ్గితేనే మళ్ళీ రోడ్డెక్కే యోగ్యత, తప్పితే ఇక ఇనుము కిందే లెక్క. ఆ సంగతి అన్నయ్యే చెప్పాడాయనకి.

"అయితే అప్పటిదాకా ఆగుతానండీ. నెగ్గితే మీ కారు మీదే. తప్పితే మాత్రం నాకే" అన్నాడు ఆయన.

"సరే" అంది అమ్మ. కారులో లైట్ల మీట తప్ప ఇంకొకటి ఆమెకి తెలియదు. అది కూడా అప్పుడే తెలిసింది.

*

మర్నాడు కరెంటు మావయ్యని పిలిపించాం. నాన్న స్నేహితుడు. బండ్ల కరెంటు పని చేస్తాడు కాబట్టి మాకు చిన్నప్పట్నుంచీ కరెంటు మావయ్య. ఆయన ముందు మూత ఎత్తి చూసి, నిట్టూర్చి, మళ్ళీ దించేశాడు.

"చెల్లెమ్మా, ఇది వైరింగు కాదు, పిచ్చుకగూడు. మొత్తం పీకి కొత్తది వెయ్యాలి. వానాకాలంలో ఊళ్ళో బండ్లన్నీ నా పీకమీదే ఉంటాయి. వానలు పోయాక చేస్తాను."

"వానలు పోయాక మొక్కలు మొలుస్తాయన్నయ్యా, దీన్లో. పీకొద్దు. ఎలా వెతకాలో చెప్పండి చాలు."

ఆయన అమ్మని ఎగాదిగా చూశాడు. తర్వాత తన సంచీలోంచి ఒక చిన్న బల్బు తీశాడు. దానికి రెండు వైర్లు వేలాడుతున్నాయి, ఒకదాని చివర సూదిలాంటి మొన, ఇంకోదాని చివర పట్టుకునే క్లిప్పు. "ఇది టెస్టు లాంపు. క్లిప్పు బండి ఇనుముకి తగిలించి, మొనతో ఎక్కడ పొడిస్తే బల్బు వెలుగుతుందో అక్కడిదాకా కరెంటు వచ్చినట్టు. కానీ ఒక్క మాట. కరెంటు దీపందాకా వస్తే సరిపోదు, తిరిగి బ్యాటరీకి పోవాలి. పోయే దారికి వేరే వైరు లేదు. బండి ఒళ్ళే దారి. దాన్నే ఎర్త్ అంటాం. ఒళ్ళు తుప్పు పడితే ఎటు పోతుంది పాపం?"

అమ్మ ఆ బల్బు వైర్లు చేతిలోకి తీసుకుంది. "పైదారం ఎంత బాగున్నా కింద బాబిన్ దారం అందకపోతే కుట్టు పడదు. అంతేనా?"

"అంతే" అని నవ్వాడు మావయ్య. "ఇన్నేళ్ళూ మీ ఆయనకి ఇలా చెప్పాలని నాకు తట్టలేదమ్మా."

ఆ రోజునుంచి మిషన్ మీద పని పొద్దుట, షెడ్డులో పని మధ్యాహ్నం. నేను డ్రైవరు సీట్లో కూర్చుని, మీటలు వెయ్యడం, కుడికాలితో బ్రేకు తొక్కడం. వెలుగుని పైకీ కిందికీ మార్చే బొత్తాం ఆ కాలపు కార్లలో కింద, క్లచ్చికి ఎడంపక్కన ఉంటుంది. నా ఎడమకాలు పిండికట్టులో ఉంది కాబట్టి అమ్మ కొలబద్దతో దాన్ని పొడిచేదాన్ని. అమ్మ బయట తిరుగుతూ కేకలు వేసేది. పైన రేకుల మీద వాన, కింద మా అరుపులు. పక్కింటివాళ్ళు మేం పోట్లాడుకుంటున్నామనుకున్నారు.

"ఎడమ ఇండికేటరు!"

"వేశానమ్మా!"

"అది వెలగట్లేదే! వెనక బ్రేకు లైటు కన్ను కొడుతోంది!"

"నాన్న బండి కదమ్మా, నిన్ను చూసి కొడుతుందేమో."

"నోర్ముయ్. బ్రేకు తొక్కు."

తొక్కాను.

"ఇప్పుడు ఇండికేటరు వెలిగింది! ఇదేం వింతే తల్లీ! ఒకణ్ణి పిలిస్తే ఇంకొకడు పలుకుతున్నాడు!"

బాబిన్ దారం సంగతే అది. తన దారిన తిరిగిపోలేని కరెంటు పక్కవాడి దారిలో దూరి పోతోంది. వెనక దీపాల గిన్నెని కారు ఒంటికి బిగించే స్క్రూ కింద తుప్పు అట్టకట్టి ఉంది. అమ్మ స్క్రూ విప్పి, ఉప్పుకాగితంతో రుద్దింది. కొత్త ఇనుము తెల్లగా కనబడేదాకా రుద్ది, మళ్ళీ బిగించి, "వెయ్యి" అంది.

టిక్కు, టిక్కు, టిక్కు. షెడ్డు వెనకగోడ మీద నారింజరంగు వెలుగు వస్తూ పోతూ ఉంది. అద్దంలోంచి చూస్తే, అమ్మ ఆ దీపం ముందు గొంతుక్కూర్చుని, పాలు తాగే పిల్లని చూసినట్టు చూస్తోంది.

ఆ తర్వాత ఆమెని ఆపడం నా తరం కాలేదు. కనబడిన ప్రతి స్క్రూ విప్పింది, రుద్దింది, బిగించింది. బల్బుల హోల్డర్లలో పచ్చగా పూసిన చిలుముని పాత పళ్ళబ్రష్షుతో తోమింది. బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళు "అమ్మగారి గోళ్ళేంటి నల్లగా ఉన్నాయి?" అని అడిగితే, "సవతికి తలంటుతున్నాను" అని చెప్పేది.

ఒక మధ్యాహ్నం ఆమె డాష్‌బోర్డు కింద తల దూర్చి, హఠాత్తుగా కదలకుండా ఉండిపోయింది.

"షాకు కొట్టిందా అమ్మా?"

"కాదు. ఇది చూడు."

వైర్లు తెగినచోటల్లా నాన్న అతుకులు వేశాడు. అతుకు మీద నల్లటేపు చుట్టాలి కదా, ఆయన చుట్టింది గుడ్డపీలికలు. పీలిక ఊడకుండా దారంతో కట్టాడు. ఒకచోట ఆకుపచ్చదారం, ఒకచోట నీలం, ఒకచోట అన్నయ్య చిన్నప్పటి బడిచొక్కా గుడ్డ.

"నా ఆకుపచ్చ రీలు" అంది అమ్మ. "ఇల్లంతా గాలించాను దానికోసం. కుట్టించుకోడానికొచ్చిన వాళ్ళమ్మాయిని అనుమానించాను కూడాను. అడిగితే మనిషి ఏమన్నాడో తెలుసా? ఎలకలు పట్టుకుపోయుంటాయన్నాడు!"

ఇంకా లోపలికి టార్చి వేసి చూసింది. "ఇదిగో, నా తెరల గుడ్డ. ఇదిగో, నా జరీ దారం! కారుకి జరీ కుట్టాడే దొంగముండావాడు!"

నవ్వొచ్చింది ఆమెకి. మొదట ముక్కులోంచి, తర్వాత ఒళ్ళంతా. డాష్‌బోర్డు కింద తల ఇరుక్కుని నవ్వుతుంటే కారే ఊగింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం నేనదే మొదటిసారి వినడం. ఆ పీలికలన్నీ ఒక్కొక్కటే విప్పి, అతుకులు సరిగ్గా వేసి టేపు చుట్టింది. విప్పిన దారాలు పారేస్తుందేమోనని చూశాను. వేలికి చుట్టుకుని, ఉండచేసి, దారాలపెట్టెలో వేసుకుంది.

*

నా కాలికట్టు విప్పేసరికి అన్ని దీపాలూ వెలుగుతున్నాయి. అన్నయ్య కూడా ఒకసారి షెడ్డులోకి వచ్చి, రెండు హెడ్‌లైట్లూ చూసి, "ఫర్వాలేదే" అని వెళ్ళిపోయాడు. సాయంకాలం నేను కారు బయటికి తీశాను. అమ్మ పక్కన కూర్చుంది. వీధి చివరిదాకా మహారాణుల్లా వెళ్ళాం. మూల తిరిగామో లేదో, టప్పుమని చిన్న చప్పుడు, దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

ఫ్యూజు పోయింది. కొత్తది వేశాం. షెడ్డులో ఎంతసేపు ఉంచినా వెలుగుతూనే ఉంది. బయటికి తీస్తే మళ్ళీ పోయింది. మర్నాడూ అంతే. టెస్టు లాంపుతో అమ్మ పొడవని వైరు లేదు. షెడ్డులో బుద్ధిమంతురాలు, వీధిలో గయ్యాళి. కరెంటు మావయ్య ఒకపూట వచ్చి చూసి, "ఎక్కడో వైరు ఒరుసుకుని ఇనుముకి తగులుతోంది. కానీ దొంగ దొరకడం లేదు" అని తలగోక్కుని వెళ్ళాడు. వానలు వెనకపడుతున్నాయి, తగ్గుముఖం పట్టాయి. ఇన్‌స్పెక్టరు పరీక్ష రేపో ఎల్లుండో అన్నంత దగ్గరికొచ్చింది.

ఆ రోజు భోజనాల దగ్గర అన్నయ్య అన్నాడు: "ఇక చాలమ్మా. హోటలాయన బండి పంపిస్తానంటున్నాడు, తాళ్ళు కట్టి లాక్కుపోవడానికి. నీకెందుకింత పంతం? నాన్న ఉన్నన్నాళ్ళూ దాన్ని తిట్టని రోజు లేదు కదా?"

అమ్మ కంచంలోంచి తల ఎత్తలేదు. "తిట్టుకోడానికైనా ఎదురుగా ఒకటి ఉండాలి కదరా" అంది.

అన్నయ్య చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

పొద్దున్న నేను షెడ్డులోకి వెళ్ళేసరికి కారు కిందనుంచి రెండు కాళ్ళు బయటికి కనిపించాయి. అన్నయ్య కాళ్ళు. ఆఫీసుకి సెలవు పెట్టాట్ట. నాన్న పాత చాప పరుచుకుని, నాన్నలాగే పడుకుని, "టార్చి ఇటివ్వు" అన్నాడు. అమ్మ గుమ్మంలోకొచ్చి ఆ కాళ్ళని చూసింది. వెనక్కి వెళ్ళి ముగ్గురికీ టీ పెట్టుకొచ్చింది.

టీ తాగుతూ అమ్మ నన్ను అడిగింది: "ఫ్యూజు పోయినప్పుడల్లా ఎక్కడున్నావు? సరిగ్గా గుర్తుచేసుకుని చెప్పు."

"వీధిమూల తిరుగుతున్నా. రెండోసారి సందులోకి తిరుగుతున్నా. నిన్న..." అని ఆగాను. "నిన్న కూడా తిరుగుతూనే. అన్నీ కుడివైపు మలుపులేనమ్మా."

ముగ్గురం స్టీరింగు వైపు చూశాం. షెడ్డులో కారు ఎప్పుడూ తిన్నగానే నిలబడి ఉంటుంది. స్టీరింగు తిప్పే అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

"బట్ట ఎక్కువగా కుట్టు దగ్గర చిరగదు, మడతపడే చోట చిరుగుతుంది. మోచెయ్యి, మోకాలు" అంది అమ్మ. "వేసుకున్నవాడు కదిలితేనే తెలుస్తుంది. తిప్పవే!"

అన్నయ్య మళ్ళీ కారు కిందికి దూరాడు. నేను సీట్లో కూర్చుని, లైట్లు వేసి స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పాను. టప్. చీకటి.

"అబ్బ!" అని కిందనుంచి అన్నయ్య కేక. "నిప్పురవ్వ! చూశాను, చూశానమ్మా! ఇక్కడ!"

స్టీరింగు కడ్డీని పట్టుకుని ఉండే బిగింపు వదులైపోయింది. కుడికి తిప్పితే దానితోపాటు వైర్లకట్ట కూడా సాగి, ఒక ఇనుపపట్టీ అంచుకి ఒరుసుకుంటోంది. అక్కడ వైరు పైతొడుగు అరిగిపోయి, లోపల రాగి మెరుస్తోంది. అరకంగుళం గాయం. దానికోసం ఊరంతా వెతికాం.

అన్నయ్య బిగింపు బిగించాడు. అమ్మ అరిగిన వైరు మార్చి, ఆ ఇనుప అంచుకి ముతకగుడ్డ మడిచి, దానిమీద తోలుపట్టీ వేసి కుట్టేసింది. అవును, కుట్టింది, పెద్దసూదితో. నేను కుడికి తిప్పాను, ఎడమకి తిప్పాను, మళ్ళీ కుడికి తిప్పాను. దీపాలు రెప్ప వెయ్యలేదు.

*

పరీక్ష జరిగేది ఊరిబయట మైదానంలో. అన్నయ్య వెనకసీట్లో, అమ్మ నా పక్కన. హోటలాయన కూడా వచ్చాడు, గొడుగు వేసుకుని. ఆయన వెనకాల తాళ్ళతో లాక్కుపోయే బండి.

బ్రేకు ఇన్‌స్పెక్టరు మాటల పొదుపరి. "హెడ్‌లైటు" అన్నాడు. వేశాను. "డిమ్." నొక్కాను, ఈసారి నా కాలితోనే. "ఎడమ. కుడి. బ్రేకు." కారు చుట్టూ తిరిగి, వెనక వంగి చూశాడు. ఎవర్ని పిలిస్తే వాళ్ళే పలికారు. అప్పుడాయన మైదానం మధ్యలో పాతిన కర్ర చూపించి, "లైట్లు అలాగే ఉంచి, దాని చుట్టూ కుడికి తిప్పుకురండి" అన్నాడు.

అమ్మ చెయ్యి వచ్చి సీటు అంచుని పట్టుకుంది. నేను గేరు వేశాను. కర్ర దగ్గర స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పేశాను. టైర్ల కింద బురద పచపచమంది. ఆ టప్ కోసం ముగ్గురం చెవులు రిక్కించుకుని ఉన్నాం. చుట్టు సగమైంది. ముప్పావైంది. తిరిగి ఇన్‌స్పెక్టరు ఎదుటికి వచ్చి ఆగేసరికి, ముందున్న రెండు దీపాల వెలుగూ ఆయన వానకోటు మీద పడి మెరుస్తోంది.

"ఇంత పాతబండికి ఇంత శుభ్రమైన ఎర్త్ నేను చూళ్ళేదు. ఎవరు చేశారు వైరింగు?"

"నేనే కుట్టానండీ" అంది అమ్మ.

"ఏమిటీ?"

"అదే, కలిపానండీ."

ఆయన మొదటిసారి నవ్వాడు. ముద్ర వేశాడు. వెనకసీట్లోంచి అన్నయ్య వేసిన కేకకి మైదానం అవతల ఉన్న వాళ్ళు కూడా ఇటు తిరిగి చూశారు. హోటలాయన తన బండిని ఖాళీగానే వెనక్కి పంపేసి, అమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, "ఓడిపోయినందుకు బాధగా లేదండీ, చిత్రంగా ఉంది" అన్నాడు. ఆ తర్వాత అన్నయ్య ఏ ఆదివారమూ ఆ కారుని వదల్లేదు. అమ్మ దగ్గరికి చొక్కాలతోపాటు స్కూటర్లూ రావడం మొదలైంది. "ఏ మరమ్మతు?" అని గుమ్మంలోనే అడిగేది.

కానీ నాకు ఆ వానాకాలం అంటే గుర్తుండేది తిరుగుప్రయాణమే.

ఊరింకా కొంచెం దూరం ఉందనగా పొద్దు గుంకింది. సన్నగా తుంపర. దారి ఖాళీగా ఉంది. నేను లైట్లు వేశాను.

"ఆపు" అంది అమ్మ.

"ఏమైంది? ఫ్యూజా?"

"కాదు. ఆపమన్నానా!"

ఆపాను. ఆమె తలుపు తీసుకుని దిగింది. "వానాకాలమంతా దీని వెనకాలా కిందా దూరి చూశాను. ఎదురుగా వస్తుంటే ఎలా ఉంటుందో చూళ్ళేదు. లైట్లు ఆర్పు. నేను ముందుకెళ్ళి నిలబడతాను. పిలిచినప్పుడు రా."

"తడుస్తావమ్మా" అన్నాడు అన్నయ్య.

"ఉప్పుబొమ్మనేంట్రా కరిగిపోవడానికి?"

చకచకా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మసకలో మొదట ఆమె చేతులు కనబడడం మానేశాయి, తర్వాత ఆమే కనబడలేదు. దారి మలుపు దగ్గర్నుంచి గొంతు మాత్రం వినబడింది.

"రా!"

మీట లాగాను. తడిరోడ్డు పొడుగునా వెలుగు ఒక్కసారిగా పరుచుకుంది. తుంపరంతా అందులో వెండిపోగుల్లా దిగుతోంది. మెల్లిగా పోనిచ్చాను. ముందు ఆమె బురదచెప్పులు వెలిగాయి, తర్వాత తడిసిన బట్టలు, మెడలో తియ్యడం మరిచిపోయిన టేపు, తర్వాత మొహం. రోడ్డు నడిమధ్య నిటారుగా నిలబడి ఉంది మా అమ్మ. రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని, పగలబడి నవ్వుతోంది.

"డిమ్ చెయ్యవే! కళ్ళు పోతున్నాయే!"

నా ఎడమకాలు బొత్తాం మీదే ఉంది.

"చెయ్యకు" అన్నాడు వెనకనుంచి అన్నయ్య.

నేను చెయ్యలేదు.